ఇరకము దీవియు మన ఊరి చెఱువును



మనది మెట్టప్రాంతము. పడమట వెలిగొండలు, వాటి దిగువ ఎఱ్ఱనేల, అందందు చెఱువులు. చెఱువు నిండిన యేడు వరి, నిండని యేడు సజ్జయో జొన్నయో. సముద్రము మన జిల్లాకు తూర్పు హద్దుగానే యున్నను, మనలో పెక్కురకు అది వినికిడియే గాని చూచినది కాదు. నేనును అఱువది యేండ్లు దాటువఱకు సముద్రతీరమును చూచినవాడను కాను. అట్టివాడను ఆ వయసున పక్షులను చూచుటకై ఉప్పునీటి నడుమనున్న యొక చిన్న దీవికి పోయితిని. ఎందుకు పోయితిని, అచ్చట నేమి చూచితిని, దానివలన మన ఊళ్లకు తెలియవలసిన దేమి, అను మూడు సంగతులను ఈ పూట మీకు విన్నవించెదను.

ముందుగా నా తప్పును చెప్పుకొనవలెను. మా ఊరు ఆత్మకూరునకు కొలది దూరమున నున్న చిన్న గ్రామము. మా చెఱువు లోపల, కట్టకు కొంత యెడముగా, నల్లతుమ్మలు దట్టముగా నుండెడివి. కార్తీకమున చెఱువు నిండగనే నత్తగుల్లకొంగలును, తెల్లకొంగలును, నీటికాకులును వచ్చి ఆ తుమ్మలపై గూళ్లు కట్టెడివి. ఫాల్గుణమునకు పిల్లలకు ఱెక్కలు వచ్చి అన్నియు ఎగిరిపోయెడివి. ఒక సంవత్సరము, ఆ తుమ్మలను వేలము వేసినచో ఊరికి నాలుగు రూకలు రాబడి యగునని పెద్దలము రచ్చబండపై కూర్చుండి మాటాడుకొంటిమి. పక్షుల రెట్ట కంపు కొట్టుచున్నదని యొకరనిరి. కంప ఊరికే చెడిపోవుచున్నదని యొకరనిరి. నేనును సరే యంటిని. చెట్లు పోయినవి. వచ్చిన పైకముతో అదే రచ్చబండకు సిమెంటు పూయించితిమి.

మఱుసటి యేడు వానలు బాగుగా కురిసినవి. చెఱువు నిండినది. పక్షులును వచ్చినవి. చెట్లుండిన తావున మూడు దినములు నీటిపై చుట్లు తిరిగినవి. కొన్ని కట్టమీద వ్రాలి నిలిచినవి. నాలుగవనాడు తెల్లవాఱి చూచునప్పటికి ఒక్కటియు లేదు. నాటినుండి మఱి రాలేదు. నా మనుమడు అప్పుడు బడికి పోవు పిల్లవాడు. "తాతా, ఆ కొంగలు ఎక్కడికి పోయినవి?" అని యడిగెను. నేను బదులు చెప్పలేకపోయితిని. చెఱువున కెన్ని తూములున్నవో, ఏ తూము క్రింద ఎన్ని యెకరములు పాఱునో చెప్పగలవాడను, ఆ చెఱువునే నమ్ముకొని ప్రతి యేటను వచ్చు ప్రాణుల గుఱించి యేమియు నెఱుగనని ఆనాడు నాకు తెలిసినది.

మా ఊరి బడిపంతులుగారు ఆ మాట విని, "అయ్యా, అవి ఎక్కడికి పోయినవో చెప్పలేను గాని, ఎక్కడ మిగిలి యున్నవో చూపగలను" అనిరి. ఉదయగిరి దాపున నుండు మా వియ్యంకుడును వత్తుననెను. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక పుష్యమాసమున మేము ముగ్గురమును బయలుదేఱి నెల్లూరు చేరి, అచ్చటినుండి చెన్నపట్టణపు బాటను దక్షిణముగా పోయితిమి.

మొదట నేలపట్టునకు పోయితిమి. ఇది దొరవారిసత్రము మండలములోని చిన్న ఊరు. సూళ్లూరుపేట, తడ ప్రాంతములు వెనుక నెల్లూరు జిల్లాలోనివే. 2022వ సంవత్సరమున జిల్లాలను విభజించినప్పుడు అవి తిరుపతి జిల్లాలో చేరినవి. జిల్లాలు మాఱినను పక్షుల త్రోవలు మాఱవు గదా. నేలపట్టు చెఱువు చూచుటకు మన చెఱువులవంటిదే. కాని అందు కడప చెట్లు విస్తారముగా నున్నవి. ఈ చెట్టు నెలల తరబడి నీటిలో మునిగి నిలిచినను చావదు. చెట్టుచుట్టును నీరున్నందున పిల్లియు నక్కయు పామును గూళ్లను సులభముగా చేరలేవు. అందుచేతనే పక్షులు నీటిలోని చెట్టును కోరుకొనును.

ఆ కడప చెట్లపై గూడబాతులను చూచితిమి. ఎంత పెద్ద పక్షి! ఱెక్కలు చాచినచో ఆఱడుగులకు మించును. ముక్కు క్రింద సంచివంటి తోలు వ్రేలాడుచుండును. తల్లి చేపలను మ్రింగి తెచ్చి గూటిపై వ్రాలగనే, పిల్ల తన తలను తల్లి గొంతులోనికి దూర్చి తినుచున్నది. వాటి ప్రక్కనే నత్తగుల్లకొంగలు, తెల్ల కంకణములు, నీటికాకులు ఒక్కొక కొమ్మను పంచుకొని కాపురమున్నవి. మా చెఱువునుండి పోయిన జాతులను అచ్చట చూచి నేను కొంతసేపు మాటాడలేకపోయితిని.

నేలపట్టు చెఱువును 1976వ సంవత్సరమున ప్రభుత్వము పక్షిరక్షణ కేంద్రముగా ప్రకటించినది. కాని దానికి చాల ముందునుండియు ఆ గ్రామస్థులే వాటిని కాపాడుకొని వచ్చిరి. పక్షులు వచ్చిన యేడు వానలును పంటలును బాగుండునని వారి నమ్మకము. ఈ నమ్మకమును వట్టి మూఢత్వమని త్రోసివేయరాదు. పక్షులు ఈశాన్యపు ఋతుపవనముతో, చెఱువులో నీరు నిలిచినప్పుడే వచ్చును. కఱవు యేట రావు, వచ్చినను గూళ్లు కట్టక పోవును. కావున పక్షులున్నవనగా నీరున్నదని యర్థము. అంతేకాదు, వేలకొలది పక్షులు చెట్లపై నుండి విడిచిన రెట్ట చెఱువు నీటిలో కలిసి, తూముద్వారా పొలమునకు పోవును. ఆ నీరు ఎరువు కలిసిన నీరు. మేము ఊరిలో కంపు అని తీసివేసినదానిని వారు పొలములో బలముగా లెక్కించుకొనిరి.

ఇట్టి సంగతి నేలపట్టున మాత్రమే కలదని తలపకుడు. చెంగల్పట్టు సీమలో వేడందాంగల్ అను గ్రామము కలదు. 18వ శతాబ్దపు చివరి సంవత్సరములలో, అచ్చటి చెఱువులోని పక్షులను తెల్లసిపాయిలు తుపాకులతో కాల్చుచుండగా, గ్రామస్థులు కలెక్టరు లయొనెల్ ప్లేసు దొరకు మొఱపెట్టుకొని, ఇకపై వాటినెవరును చంపరాదని కౌలు వ్రాయించుకొనిరి. వారు చెప్పిన కారణము దయాధర్మము మాత్రమే కాదు, పక్షులవలన తమ చెఱువు నీరు బలమగుచున్నదనియు చెప్పిరి. చదువుకొన్న శాస్త్రజ్ఞులు వచ్చి చెప్పుటకు ముందే కాపులు కనిపెట్టిన సత్యమిది.

పంతులుగారు అచ్చట మాకొక ప్రశ్న వేసిరి. "ఈ చెఱువులో ఇన్ని వేల పక్షులు పిల్లలను పెంచుచున్నవే, ఇన్నింటికి చాలినన్ని చేపలు ఈ చెఱువులో నున్నవా?" అనిరి. లేవని మాకే తోచినది. పెద్ద పక్షులు తెల్లవాఱగనే ఎగిరి, కోసుల దూరము తూర్పుగా పోయి, పులికాట్ సరస్సులో మేసి, చేపలతో తిరిగి వచ్చును. గూడు మంచినీటి చెఱువులో, మేత ఉప్పునీటి సరస్సులో. రెంటిలో నేది చెడినను కాపురము చెడును. ఆ మేతను చూచుటకై మేము మఱునాడు తడకు పోయితిమి.

పులికాట్ సరస్సునకు మనవారి పాతపేరు ప్రళయకావేరి. స. వెం. రమేశ్ గారు అచ్చటి దీవులలోని జీవనమును గుఱించిన తమ కథలకు ఆ పేరే పెట్టిరి. భారతదేశమున ఉప్పుకయ్యలలో ఒరిస్సాలోని చిలుక మొదటిది, ఇది రెండవది. దీని ఎక్కువ భాగము ఆంధ్రదేశమునను, దక్షిణపు కొస తమిళదేశమునను కలదు. తూర్పున శ్రీహరికోట యను పొడవైన ఇసుకదీవి అడ్డముగా నుండి దీనిని సముద్రమునుండి వేఱు చేయుచున్నది. ఉత్తరమున కాళంగి, దక్షిణమున ఆరణి నదులు మంచినీటిని తెచ్చి పోయును. ఇసుకతిన్నెల నడుమనున్న ముఖద్వారములగుండ సముద్రపు పోటు లోనికి వచ్చును. కావున వానకాలమున నీరు చప్పనగుచు వచ్చును, ఎండకాలమున సముద్రముకంటె ఉప్పనగును. లోతు చాల చోట్ల ఒక బారకు లోపే. ఇంత పల్లమైన నీరగుటచేతనే కాళ్లతో నడచి మేయు పక్షులకు ఇది అన్నపుకుండవంటిది.

ఈ నీటికి పెద్ద చరిత్ర కలదు. దక్షిణమున ముఖద్వారము చెంత పళవేర్కాడు, అనగా పులికాట్ రేవు. విజయనగర ప్రభువులనాటినుండి అది పేరుగన్న ఓడరేవు. 1514లో శ్రీకృష్ణదేవరాయలు మన ఉదయగిరి దుర్గమును గజపతులనుండి గైకొనెను. ఆ కాలమున పడమట మన కొండదుర్గములెంతటివో తూర్పున ఈ రేవులంతటివి. తరువాత డచ్చివారు వచ్చి 1613 నాటికి అచ్చట గెల్డ్రియా యను కోట కట్టిరి. మన సీమ నేతవస్త్రములు ఆ రేవునుండి మలయా దీవులకు పోయినవి. ఉత్తరపు దిక్కున దుగరాజపట్టణమున ఇంగ్లీషువారు 1626లో కోఠీ పెట్టి, 1639లో చెన్నపట్టణపు తావు సంపాదించి దక్షిణమునకు తరలిరి. 1825లో పులికాట్ ఇంగ్లీషువారి పరమైనది. నేడు అచ్చటికి ఓడలు రావు. రాజులు పోయిరి, కంపెనీలు పోయినవి, వలవేయువారును పక్షులును మిగిలిరి.

తమిళదేశపు సరిహద్దు చెంతనున్న భీమునివారిపాలెమున పడవ ఎక్కితిమి. నీరు పల్లమగు చోట్ల పడవవాడు గడతో నేలను పొడిచి పడవను నెట్టుచు పోయెను. నీటి నడుమ దూరమున తెల్లని గోడవలె ఏదియో కనబడినది. దాపునకు పోగా గోడ కదలినది. అవి రాజహంసలని మన పత్రికలు వ్రాయు ఫ్లెమింగోలు. చిలుకుకఱ్ఱలవంటి పొడుగు కాళ్లు, పాముపడగవలె వంగిన మెడ. ముక్కును తలక్రిందుగా బురదలో ముంచి, నీటిని లోనికి పీల్చి, జల్లెడలో పిండి జల్లించినట్లు చిన్న పురుగులను, నాచును మాత్రము నిలుపుకొని నీటిని బయటికి వదలుచుండెను. ఆ మేతలోని రంగే వాటి ఱెక్కలకెక్కి గులాబివన్నె కలిగించునట. మేతలో ఆ పదార్థము లోపించినచో వన్నెయు తగ్గును. ఒక్కసారి గుంపు లేచినప్పుడు ఱెక్కల అడుగున ఎఱుపును నలుపును మెఱసి, ఆకాశమున చీర పఱచినట్లయ్యెను. మా వియ్యంకుడు చేతులు జోడించెను.

ఇరకము దీవిలో దిగినప్పుడు మిట్టమధ్యాహ్నము. ఇసుకనేల, తాటిచెట్లు, వేపచెట్లు, వలలు ఆరవేసిన కఱ్ఱలు, కొన్ని పైరుచేలు. బస్సుల రొద లేదు. చూచుటకు వచ్చినవారికై కట్టిన భవనమేదియు మాకు కనబడలేదు. చెట్టునీడను కూర్చుండగా ఒక వృద్ధుడు మమ్ము పలుకరించి, ఏ ఊరని యడిగి, ఇంటినుండి మజ్జిగ తెప్పించి ఇచ్చెను. మెట్టనుండి పక్షులను చూడవచ్చితిమనగా నవ్వెను. "మేము పుట్టినది మొదలు వాటితోనే యుంటిమి. అవి మేయుచోట చేప యున్నదని మాకు గుఱుతు. మా వల యెత్తినప్పుడు జాఱిన చేప వాటికి" అనెను.

మా వియ్యంకుడు చుట్టును చూచి, "బావగారూ, ఎంత చల్లని తావు! ఈ దీవి ఎన్నటికి ఇట్లే యుండవలెను. రోడ్డు పడిన నాడు ఇదియు పాడగును" అనెను. ఆ వృద్ధుడు కొంతసేపు ఊరకుండి, "అయ్యా, మీరు సాయంకాలమునకు మీ ఊరికి పోవుదురు. గాలివాన నాటి రాత్రి మా కోడలికి నొప్పులు వచ్చినవి. పడవ కదలలేదు. తెల్లవాఱువఱకు దీపము పట్టుకొని ఒడ్డున కూర్చుంటిని. తల్లియు బిడ్డయు దేవునిదయవలన బ్రతికిరి. అందఱికి అట్లు జరుగదు గదా. మాకు వంతెన కావలెను" అనెను. మా వియ్యంకుడు తలవంచుకొనెను. నేనును మాటాడలేదు. మనకు అందమైనది మఱియొకరి కష్టము కారాదు. పక్షులకొఱకు మనుష్యులను నీటి నడుమ వదలివేయుడని నేను చెప్పను. ఎవరు చెప్పినను అది న్యాయము కాదు.

అట్లయిన వంతెన వచ్చినచో పక్షుల గతి యేమి? దీనికి ఉత్తరము మన చెఱువుల వలననే తెలియును. సూళ్లూరుపేటనుండి శ్రీహరికోటకు సరస్సునకు అడ్డముగా రోడ్డు వేసిరి. శ్రీహరికోటనుండి 1971 అక్టోబరు 9వ తేదీన మొదటి రాకెట్టు ఎగిరినది. 2023 జూలై 14వ తేదీన చంద్రయానము అచ్చటినుండియే బయలుదేఱినది. దేశమునకు గర్వకారణమైన ఆ పనికి ఆ రోడ్డు కావలసినదే. కాని అది ఎక్కువ మేర మట్టికట్ట. నీరు నడుమనడుమనున్న తూములగుండ మాత్రమే ఇటునటు పోవలసి యున్నది. నీటి నడకకు అడ్డుపడినచోట పూడిక పేరుకొనును. పూడిక పేరుకొన్నచోట నేల పైకి లేచి నీరు ముందుగా ఎండిపోవును. కట్టకును కలుజునకును గల భేదము మనకు ఒకరు నేర్పవలయునా? నీటిని ఆపుటకు కట్ట, పోనిచ్చుటకు కలుజు. దీవివారికి కావలసినది కట్టకాదు. స్తంభములపై నిలిచి, క్రింద నీటిని, చేపను, పడవను స్వేచ్ఛగా పోనిచ్చు వంతెన. అది ఖర్చుతో కూడిన పని. కాని చవుకగా చేసిన పనికి ఎవరో ఒకరు తరువాత వెల చెల్లించుచునే యుందురు. సామాన్యముగా ఆ వెల చెల్లించువాడు పేదవాడే.

ఆ సరస్సు దక్షిణపు భాగమున బెస్తవారిలో పాడు అను కట్టుబాటు కలదు. ఏ తావున ఏ దినమున ఎవరు వల వేయవలెనో వంతులవారీగా నిర్ణయించుకొందురు. బలవంతుడు మంచి తావును నిత్యము ఆక్రమింప వీలులేదు. ఈ మాట వినగనే నాకు మన చెఱువుల క్రింద నీటివంతులు జ్ఞప్తికి వచ్చినవి. పై పొలమువాడు పాఱించుకొన్న తరువాత క్రింది పొలమువాని వంతు. ఊరందఱును కలిసి చేయు కుడిమరామత్తు. మనకు అవి నానాటికి సడలిపోయినవి. కట్టుబాటు సడలినచోట తుమ్మలు వేలమునకు పోవును, కాలువ ఆక్రమణకు పోవును, చెఱువు గర్భము పట్టాకు పోవును. పక్షి పోవుట వీటన్నిటికి కడపటి గుఱుతు మాత్రమే.

శ్రోతలారా! పక్షులు తూర్పుతీరమునకే కాని మన మెట్టకు చెందినవి కావని మీరు తలపవచ్చును. అది సరికాదు. 1902వ సంవత్సరమున రీనియస్ అను నొక దొర మన పొరుగైన కడప జిల్లాలో బుచ్చుపల్లె యను గ్రామమున గూడబాతులును ఎఱ్ఱకాళ్లకొంగలును కలిసి గూళ్లు కట్టియుండగా చూచెను. తరువాత వెదకినవారికి ఆ కొలువు మఱి కనబడలేదు. 1946లో నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు పశ్చిమగోదావరి జిల్లాలోని ఆరేడు గ్రామమున గూడబాతుల గొప్ప కొలువును కనుగొనెను. ముప్పదియేండ్లు గడవకముందే అదియు వట్టిపోయినది. నెల్లూరిలో వైద్యాధికారిగా నుండి పక్షుల గుఱించి గ్రంథములు వ్రాసిన జెర్డాను దొర, కర్ణాటకసీమలో ఒక గ్రామము నడుమ పొట్టిచెట్లపై గూడబాతులు తరతరములుగా గూళ్లు కట్టుచు, మనుష్యులకు వెఱవక యుండుటను తాను చూచినట్లు వ్రాసెను. అనగా ఒకప్పుడు ఇది మన ఊళ్ల వాడుక. ఊరును పక్షియు ఇరుగుపొరుగుగా నుండుట మన పూర్వులకు వింత కాదు.

ఆ జెర్డాను పేరనే శాస్త్రజ్ఞులు పిలుచు పక్షి యొకటి కలదు. దానిని మనవారు కలివికోడి యందురు. 1848లో అది శాస్త్రలోకమునకు తెలిసినది. నెల్లూరు, కడప సీమల ముండ్లపొదలలో రాత్రివేళ తిరుగునది. 1900 తరువాత దాని నెవరును చూడకపోవుటచే అది నశించెననియే తలచిరి. 1986 జనవరిలో, మన వెలిగొండలకు ఆవల బద్వేలు సీమలో, ఒక వేటగాడు రాత్రి దీపపు వెలుగున దానిని ప్రాణముతో పట్టెను. ఎనుబది యాఱేండ్లుగా పండితులకు దొరకనిది ఆ యడవిని ఎఱిగినవాని చేతికి చిక్కినది. ఆ పక్షి ఎక్కువ కాలము బ్రతుకలేదు గాని, జాతి నశింపలేదని లోకమునకు తెలిసినది. దానికొఱకు లంకమల అడవులను రక్షణకేంద్రము చేసిరి. నేటికిని దానిని చూచినవారు మిక్కిలి అరుదు. పనికిరాని ముండ్లపొద యని మనము దున్ని వేయు తావు ఒక జాతికి కడపటి ఇల్లై యుండవచ్చును.

ఇక నేను మీకు విన్నవింపదలచిన పనులు పెద్దవి కావు. వీటికి సర్కారు ధనము అవసరము లేదు.

మొదటిది: చెఱువు లోపలి చెట్లను వేలము వేయునప్పుడు అన్నింటిని వేయకుడు. నీరు నిలుచు తావున ఒక తోపును ఎన్నటికిని కొట్టరాదని ఊరంతయు కలిసి తీర్మానము చేసికొనుడు. కంపకు సీమతుమ్మ కావలసినంత యున్నది. నల్లతుమ్మను, దొరకినచోట కడపమొక్కను నిలుపుడు. రెండవది: గూళ్లున్న నాలుగు మాసములు ఆ చెట్ల దాపున టపాకాయలు కాల్చుట, వడిసెలలు విసరుట, గ్రుడ్లు తీయుట మానిపింపుడు. గూడు బెదరినచో తల్లి ఎగిరిపోవును. తల్లి లేచినంతలో కాకి గ్రుడ్డును తన్నుకొని పోవును, నీడ తొలగిన పిల్ల ఎండకు చచ్చును. మూడవది: మీ ఊరి పిల్లలను ఒక్కసారి నేలపట్టునకు తీసికొని పొండు. పెద్దవారు చేసిన తప్పు పిల్లలు చేయకుండ నుండవలెనన్న, వారు పోయినదేదో కన్నులార చూడవలెను.

ఆ దినము సాయంకాలము పడవలో తిరిగి వచ్చునప్పుడు గూడబాతులు వరుసలు కట్టి పడమటి దిక్కునకు, నేలపట్టు వైపునకు, గొంతు సంచులతో పోవుచుండెను. మా వియ్యంకుడు చాలసేపు వాటినే చూచి, "బావగారూ, ఇవి మన ఊరికి దారి మఱచినవందువా?" అని యడిగెను. "దారి మఱువలేదు. దిగుటకు చోటు లేదు" అంటిని.

ఇంటికి వచ్చిన తరువాత నేను మా పంచాయతివారిని బ్రతిమాలి, చెఱువు లోపల ఆ పాత తావుననే నల్లతుమ్మ విత్తనములు చల్లించితిని. మొలచినవానిలో మేకలు తిన్నవి పోగా నలుబది మొక్కలు మిగిలినవి. ముండ్లకంప కట్టి కాచితిమి. ఇప్పుడవి మనిషికంటె ఎత్తు పెరిగినవి. పక్షులు ఇంకను గూడు కట్టలేదు. నిరుటి కార్తీకమున మాత్రము నత్తగుల్లకొంగలు ఏడు వచ్చి, ఆ కొమ్మలపై ఒక రాత్రి పడుకొని పోయినవని నా మనుమడు చెప్పెను. వాడిప్పుడు పెద్దవాడై సేద్యము చేయుచున్నాడు. వాడు లెక్కపెట్టి చెప్పినాడు గనుక నేను నమ్మితిని.

నా జీవితకాలమున అవి గూడు కట్టునో కట్టవో నేనెఱుగను. చెట్టు నిలిచి, నీరు నిలిచి, ఊరి మాట నిలిచినచో ఏదో యొక యేట కట్టును. మీ మీ చెఱువులలో నింకను తోపులు మిగిలియున్నచో, మీరు నావలె విత్తనమునుండి ఆరంభింప నక్కఱలేదు. ఉన్నదానిని ఉండనిచ్చిన చాలును.